దక్షిణానికి తిరిగిన కెమెరా

విజయవాడ భవానీపురంలో హైదరాబాదు రోడ్డు దిగి కృష్ణ వైపు నడిస్తే, కరకట్టకీ నీటికీ నడుమ మిగిలిన నేల మీద బెరం పార్కు ఉంటుంది. ఆ పక్కనే పున్నమి ఘాట్. ఎదురుగా నదిలో 130 ఎకరాల పైచిలుకు భవానీ ద్వీపం. సాయంత్రం అయిదు దాటాక ఇక్కడ ఫోను బయటికి తీయని మనిషి అరుదు. పిల్లల్ని మెట్ల మీద నిలబెడతారు, వెనకాల నీళ్లూ పడవా పడేలా చూసుకుంటారు, నొక్కుతారు. చాలా ఫోటోల్లో మొహాలు నల్లగా, నీళ్లు తెల్లగా వస్తాయి. ఫోను మంచిది కాదేమో అనుకుంటారు గానీ ఫోను చేసిన తప్పేమీ లేదు. మనం నదికి ఉత్తరపు ఒడ్డున నిలబడి దక్షిణం వైపు చూస్తున్నాం. ఏడాదిలో ఎక్కువ రోజులు సూర్యుడు ఉండేదీ అటే.

విజయవాడ అక్షాంశం 16.5 డిగ్రీలు. డిసెంబరు 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అక్కణ్ణించి రోజురోజుకూ పైకి జరుగుతూ మే 6 నాటికి నడినెత్తికి వస్తాడు. ఆ తర్వాత మూడు నెలలపాటు మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన, అంటే నదికేసి తిరిగిన ఫోటోగ్రాఫరు వీపు వెనక ఉంటాడు. ఎంతో దూరం పోడు, మహా అయితే 7 డిగ్రీలు. ఆగస్టు మొదటి వారం దాటగానే మళ్లీ దక్షిణానికి వచ్చేస్తాడు. అస్తమించే చోటు కూడా ఒకటి కాదు. చలికాలంలో నైరుతి వైపుకు జరిగి, నీటికి అడ్డంగా అవతలి ఒడ్డు మీదుగా దిగుతాడు. ఎండాకాలంలో గొల్లపూడి దిక్కుకి వెళ్లిపోతాడు. ఈ రెండు కొసల మధ్య తేడా 49 డిగ్రీలు. నీళ్ల మీద సూర్యాస్తమయం కావాలనుకునేవాళ్లు డిసెంబరులో రావాలని ఇక్కడి పడవవాళ్లు లెక్కలు వేయకుండానే చెప్పగలరు.

సరిగ్గా ఇదే దిక్కుకు తిరిగిన పార్కు ఒకటి అమెరికా పడమటి తీరంలో ఉంది. సియాటిల్ నగరంలో లేక్ యూనియన్ అనే సరస్సుకు ఉత్తరపు ఒడ్డున ఉన్న గ్యాస్ వర్క్స్ పార్కు. అక్కడా జనం దక్షిణానికే చూస్తారు. నీళ్ల అవతల నగరంలోని ఎత్తయిన భవనాలు, స్పేస్ నీడిల్ గోపురం కనిపిస్తాయి. చుట్టుపక్కల రెడ్‌మండ్, బెల్‌వ్యూ ఊళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు కాబట్టి, ఇది చదువుతున్నవారిలో కొందరి ఇళ్లలోనైనా ఆ పార్కులో తీసుకున్న ఫోటో ఉండే ఉంటుంది. పచ్చగడ్డి దిబ్బ, దాని వెనక తుప్పు పట్టిన పెద్దపెద్ద ఇనుప గోపురాలు. పిల్లలు గాలిపటాలు ఎగరేసుకునే చోట ఈ తుక్కు ఇనుము ఎందుకుంచారని చూసినవాళ్లకు అనుమానం వస్తుంది.

అక్కడ 1906 నుంచి 1956 దాకా యాభై ఏళ్లపాటు గ్యాసు తయారుచేశారు. భూమిలోంచి తీసే సహజవాయువు ఇంకా ఆ ఊరికి చేరని రోజులు. బొగ్గును మూత బిగించిన కుండలో కాచినట్టు, గాలి తగలకుండా బాగా వేడిచేస్తే హైడ్రోజన్, మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ కలిసిన వాయువు వస్తుంది. దాన్ని గొట్టాల్లో పంపి ఊళ్లో దీపాలు, పొయ్యిలు వెలిగించేవారు. 1930ల చివర బొగ్గు పోయి నూనె వచ్చింది, పద్ధతి మాత్రం అదే జాతి. కాచిన దాంట్లో గ్యాసు ఒక్కటే వస్తే గొడవే లేదు. తారు వస్తుంది, బెంజీన్ వస్తుంది, నాఫ్తలీన్ వస్తుంది. బెంజీన్ వలయాలు మూడు నాలుగు అతుక్కున్న బరువైన అణువులు వస్తాయి, వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. ఇవి కారినచోటల్లా నేలలోకి ఇంకాయి. తారు నీటికన్నా బరువు. అందుకే అది నీటి మీద తేలకుండా భూగర్భజలం అడుగుకు, సరస్సు బురదలోకి దిగిపోయింది. 1956లో పైపులైనులో సహజవాయువు రావడంతో ఫ్యాక్టరీ మూతపడింది. 1962లో నగరపాలకులు ఆ స్థలాన్ని పార్కు కోసం కొన్నారు.

ఇలాంటి స్థలం చేతికి వస్తే మామూలుగా జరిగేది మనకు తెలుసు. ఉన్నదంతా పడగొట్టి, ఎర్రమట్టి తోలి, గడ్డి పరిచి, నాలుగు బెంచీలు వేసి రిబ్బను కత్తిరిస్తారు. సియాటిల్‌లో కూడా చాలామంది అదే కోరుకున్నారు. ఆ పార్కుకు మొదట మర్టిల్ ఎడ్వర్డ్స్ అనే నగర కౌన్సిలు సభ్యురాలి పేరు పెట్టాలనుకున్నారు. తుప్పు గోపురాలు ఉంచేస్తారని తెలిశాక ఆమె కుటుంబం తమ పేరు వద్దని వెనక్కి తీసుకుంది. రూపకల్పన బాధ్యత 1970లో రిచర్డ్ హాగ్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుకు వచ్చింది. గోపురాలు ఉండి తీరాలన్నది ఆయన పట్టు. గ్యాసును తోసే యంత్రాలున్న షెడ్డును పిల్లల ఆటశాలగా మార్చాడు. బాయిలర్ల షెడ్డును కుటుంబాలు కూర్చుని తినే చోటు చేశాడు. కూల్చిన గోడల ముక్కలు, తవ్విన మట్టి ఒకచోట కుప్పపోసి పైన మంచిమట్టి కప్పి దిబ్బ కట్టాడు. ఇప్పుడు గాలిపటాలు ఎగిరేది దాని మీదే. 1975లో పార్కు తెరిచారు. విస్తీర్ణం 19 ఎకరాలు. 2013లో దాన్ని అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు.

నేలను శుభ్రం చేయడానికి హాగ్ ఎంచుకున్న దారి ఆ కాలానికి చాలా కొత్తది. మట్టి మొత్తం లారీల్లో తరలించే బదులు, మురుగు శుద్ధి కేంద్రంలో మిగిలే బురద, రంపపు పొట్టు లాంటి సేంద్రియ పదార్థం తెచ్చి కలిపి దున్నించాడు. నేలలో సహజంగా ఉండే కొన్ని బ్యాక్టీరియాలకు నూనె అణువులు తిండి. వాటికి నత్రజని, ఆక్సిజన్ కూడా అందితే తినే వేగం పెరుగుతుంది. దున్నడం వల్ల గాలి, బురద వల్ల నత్రజని అందాయి. చిన్న అణువుల వరకు పద్ధతి బాగానే పనిచేసింది. కానీ వలయాలు ఎక్కువున్న బరువైన అణువులను బ్యాక్టీరియా తేలిగ్గా విరగ్గొట్టలేదు, ఆక్సిజన్ చేరని లోతుకు దిగిన తారును అసలు ముట్టుకోలేదు. 1984లో పరీక్షల్లో విషపదార్థాలు బయటపడటంతో పార్కును కొన్నాళ్లు మూసేశారు. తర్వాత కొత్త మట్టి పరిచారు. ఈనాటికీ అక్కడ సరస్సులో దిగి ఈదకూడదు. అడుగు బురద శుద్ధి దశాబ్దాలుగా సాగుతున్న వ్యవహారం.

ఇప్పుడు కెమెరా దగ్గరికి వద్దాం. పచ్చటి ఆ దిబ్బను ఎంత ఖరీదైన కెమెరాతో తీసినా కింద ఉన్నదాని జాడ ఫోటోలో ఉండదు. కటకం ఎంత గొప్పదైనా అది పోగుచేసేది వస్తువు ఉపరితలం వెనక్కి పంపిన కాంతినే. మట్టిలోకి కాంతి చొచ్చుకుపోయే లోతు కొన్ని మిల్లీమీటర్లకు మించదు. పరారుణ ఫోటోగ్రఫీతో నేల కింద ఉన్నవి కనిపిస్తాయని కొందరు అనుకుంటారు, అదీ నిజం కాదు. పచ్చని ఆకులు ఎర్రకాంతిని చాలావరకు మింగి, దాని పక్కనే ఉన్న సమీప పరారుణంలో దాదాపు సగాన్ని తిప్పికొడతాయి. మొక్క నీరసిస్తే ఈ తేడా తగ్గుతుంది. కాబట్టి విషం వేళ్లకు తగిలి గడ్డి జబ్బుపడితే పరారుణ ఫోటోలో పసిగట్టవచ్చు. కానీ మంచిమట్టి మందంగా పరిచి దాని మీద గడ్డి పెంచాక, ఆ గడ్డి చెప్పేది పైమట్టి ఆరోగ్యం గురించే.

అందుకే హాగ్ తీసుకున్న నిర్ణయం సరైనదని నేను గట్టిగా నమ్ముతాను. నేల కింద ఏముందో చెప్పే కాంతి ఎలాగూ రాదు. పైన నిలిచి ఉన్న ఇనుము మాత్రం కాంతిని వెనక్కి పంపుతుంది. ఆ గోపురాలు ఫ్రేములో పడ్డ ప్రతి ఫోటో ఇక్కడ ఫ్యాక్టరీ ఉండేదని సాక్ష్యం చెబుతుంది. అవి లేకపోతే ముప్పై ఏళ్ల తర్వాత పుట్టిన పిల్లవాడికి సరస్సులో ఎందుకు దిగకూడదో అర్థం కావడానికి ఒక బోర్డు తప్ప ఏమీ మిగలదు.

తుప్పును ఫోటో తీయడంలో ఒక సూక్ష్మం ఉంది. ఇనుప ఆక్సైడు నీలాన్ని, ఆకుపచ్చను పీల్చుకుని ఎరుపు, నారింజ రంగులను తిప్పికొడుతుంది. ఎండలో పైనుంచి పడే తెల్లటి మెరుపు ఈ రంగు మీద కలిసిపోయి దాన్ని వెలవెలపోయేలా చేస్తుంది. మబ్బు పట్టిన రోజు ఆ మెరుపు ఉండదు, రంగు చిక్కగా వస్తుంది. వాన తడిస్తే ఇంకా చిక్కబడుతుంది. తడిసిన ఏ గరుకు ఉపరితలమైనా ముదురుగా కనిపించడానికి కారణం ఒకటే. పైనున్న నీటి పొర, లోపల్నించి బయటికి రాబోయే కాంతిలో కొంత భాగాన్ని తిరిగి లోపలికే తోసేస్తుంది. అలా తిరిగిన ప్రతిసారీ ఆ పదార్థం మరికొంత కాంతిని మింగుతుంది. సియాటిల్‌లో మబ్బులకు కొదవలేదు కాబట్టి తుప్పు ఫోటోలు తీసేవాళ్లకు అది స్వర్గం. మన పున్నమి ఘాట్ మెట్ల మీద నీటిమట్టం తగ్గిన రోజు చూడండి. తడిసిన మెట్టు ముదురుగా, పైది లేతగా ఉండి మధ్యలో గీత గీసినట్టుంటుంది. నది అంతకు కొద్దిసేపటి ముందు ఎక్కడిదాకా ఉందో ఆ గీత చెబుతుంది.

సియాటిల్‌లో ఆ గోపురాల పక్కనున్న దిబ్బ నెత్తిన 1978లో ఒక నీడగడియారం కట్టారు. చక్ గ్రీనింగ్, కిమ్ లజారే అనే ఇద్దరు కళాకారుల పని అది. అందులో నీడవేసే పుల్ల ఉండదు. మనిషి వెళ్లి నిలబడాలి, అతని నీడే ముల్లు. ఫోటోలు తీసేవాళ్లకు దీన్ని మించిన పాఠం లేదని నాకనిపిస్తుంది. సియాటిల్ అక్షాంశం 47.6 డిగ్రీలు. డిసెంబరు మధ్యాహ్నం అక్కడ సూర్యుడు 19 డిగ్రీల ఎత్తే లేస్తాడు, మనిషి నీడ అతని ఎత్తుకు దాదాపు మూడు రెట్లు పడుతుంది. అదే రోజు మధ్యాహ్నం భవానీపురంలో నీడ మనిషికన్నా పొట్టిది.

ఈ తేడా వల్ల మనకు జరిగే నష్టం చిన్నది కాదు. నేల మీద ఉన్న ఎగుడుదిగుడులు ఫోటోలో కనిపించేది నీడల వల్లే. సూర్యుడు 50 డిగ్రీల ఎత్తున ఉంటే ఒక సెంటీమీటరు గడ్డ నీడ సెంటీమీటరు కూడా ఉండదు. 10 డిగ్రీల ఎత్తున ఉంటే అదే గడ్డ దాదాపు ఆరు సెంటీమీటర్ల నీడ వేస్తుంది. పూడిపోయిన గోడలు, పాత కాలవల గట్లు, చదును చేసినా పూర్తిగా చదునుకాని పునాదులు ఇలాంటి ఏటవాలు వెలుతురులోనే బయటపడతాయి. 1920లలో ఓ.జి.ఎస్. క్రాఫర్డ్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త విమానంలోంచి పొద్దునా సాయంత్రం తీసిన ఫోటోల్లో, నేల మీద నిలబడితే కనిపించని పాత పొలాల గట్లు బయటపెట్టి ఒక కొత్త విద్యకే దారి వేశాడు. సియాటిల్‌లో చలికాలంలో ఇలాంటి వెలుతురు దాదాపు రోజంతా దొరుకుతుంది. మన దగ్గర సూర్యుడు నిటారుగా లేస్తాడు, దిఙ్మండలం నుంచి 10 డిగ్రీలు ఎక్కడానికి ముప్పావుగంట చాలు. పొద్దున ఒక ముప్పావుగంట, సాయంత్రం ఒక ముప్పావుగంట. నేలను చదవాలనుకునే కెమెరాకు కృష్ణ ఒడ్డున దక్కే సమయం అంతే.

చదవడానికి ఏముంది ఇక్కడ? బెరం పార్కు ఫ్యాక్టరీ తీసేసి వేసినది కాదు. కరకట్ట లోపల, వరదొస్తే నది పరుచుకోవడానికి మిగిలిన నేల అది. అయినా ఈ ఒడ్డు కూడా పనిచేసిన ఒడ్డే, పని చేస్తున్న ఒడ్డే. పార్కు ముందు నిండుగా కదలకుండా కనిపించే ఆ నీళ్లు ప్రకృతి పెట్టినవి కావు. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య నది ఇరుకవుతుంది, రెండు వైపులా కావలసినంత రాయి దొరుకుతుంది. ఆ రెండు కారణాలూ చూసుకునే అక్కడ కెప్టెన్ చార్లెస్ ఆర్ పర్యవేక్షణలో 1852లో ఆనకట్ట మొదలుపెట్టి 1855లో పూర్తిచేశారు. రాయి ఆ కొండల నుంచే తవ్వారు. వందేళ్లు పనిచేసిన ఆ ఆనకట్ట 1952 వరదలో దెబ్బతింది. దానికి బదులుగా 1954 నుంచి 1957 దాకా కట్టినదే ప్రకాశం బ్యారేజి. 70 గేట్లు, పొడవు 1,223 మీటర్లు. గేట్లు దించి 12 అడుగుల మట్టం నిలబెడితే వెనక 3.07 టీఎంసీల నీరు ఆగుతుంది. డెల్టాలో 13 లక్షల ఎకరాలకు కాలవలు పారేది ఆ మట్టం వల్లే. విజయవాడ వాళ్లు తాగే నీళ్లు, ఎగువన ఇబ్రహీంపట్నం దగ్గర 1979 నుంచి నడుస్తున్న థర్మల్ విద్యుత్ కేంద్రం చల్లబడే నీళ్లు కూడా ఈ నిలవలోవే. అవతలి ఒడ్డున తాడేపల్లిలో ఒకప్పుడు సిమెంటు ఫ్యాక్టరీ నడిచింది. మనం ఫోటోకి వెనక తెరగా వాడుకుంటున్న నీటి పలక ఒక పెద్ద యంత్రంలో భాగం.

ఆ యంత్రం పరిమితి ఎంతో 2024 సెప్టెంబరులో అందరం చూశాం. బ్యారేజి దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. అంతకుముందు 2009 అక్టోబరులో వచ్చిన 11.10 లక్షల రికార్డును దాటేసింది. అంత ప్రవాహానికి ఆ 3.07 టీఎంసీలు నింపడానికి ముప్పావుగంట కూడా పట్టదు. అందుకే వరదలో బ్యారేజి నీళ్లు ఆపదు, ఆపలేదు, గేట్లన్నీ ఎత్తి దారి ఇస్తుంది. భవానీ ద్వీపం మునిగింది, ఘాట్లు మునిగాయి, కొట్టుకొచ్చిన పడవలు గేట్లను గుద్దుకుని గేట్లకు ఎదురు తూకంగా ఉండే కాంక్రీటు దిమ్మెలు విరిగాయి. వరద తీసిన తర్వాత మెట్ల మీద, చెట్ల మొదళ్ల మీద, పార్కు గోడల మీద ఒండ్రు పొర మిగులుతుంది. తొందరగా కడిగేస్తారు. కడిగే ముందు పొద్దుటి ఏటవాలు ఎండలో దాన్ని ఫోటో తీసి ఉంచడం చాలా అవసరమైన పని. ఒండ్రు మీద ప్రవాహం దిద్దిన చిన్నచిన్న మడతలు ఆ వెలుతురులో స్పష్టంగా లేస్తాయి. ఆ మడతల నిటారు వైపు ఎటుంటే నీరు అటు పోయిందని లెక్క. కృష్ణలంక వైపు కట్టిన వరద గోడ మీద, ఇక్కడి ఘాట్ మెట్ల మీద, 2009 మట్టం ఇది, 2024 మట్టం ఇది అని చెరగని గుర్తులు చెక్కాలి. సియాటిల్‌లో గోపురాలు చేస్తున్న పని ఇక్కడ ఆ గీతలు చేస్తాయి.

నీటిని ఫోటో తీసేటప్పుడు చాలామంది పోలరైజర్ ఫిల్టరు కొంటారు, అది ఎక్కడ పనిచేస్తుందో తెలియక విసుక్కుంటారు. నీటిని నిట్టనిలువుగా చూస్తే దాని మీద పడ్డ వెలుతురులో రెండు శాతమే ప్రతిఫలిస్తుంది, మిగతాది లోపలికి పోతుంది. చూపు ఏటవాలయ్యేకొద్దీ ప్రతిఫలనం పెరిగి, నిలువు నుంచి 80 డిగ్రీల దగ్గర మూడోవంతు దాటుతుంది. అందుకే కాళ్ల దగ్గర నీటి అడుగు కనిపిస్తుంది, దూరాన ఆకాశం కనిపిస్తుంది. నిలువు నుంచి 53 డిగ్రీల కోణంలో మాత్రం ఒక విశేషం ఉంది. అక్కడ ప్రతిఫలించిన కాంతి మొత్తం ఒకే దిశలో కంపిస్తుంది. డేవిడ్ బ్రూస్టర్ 1815లో చెప్పిన సూత్రం ఇది. ఫిల్టరును సరిగ్గా తిప్పితే ఆ కాంతి పూర్తిగా ఆగిపోతుంది. ఘాట్ మెట్ల మీద మన కెమెరా నీటికి మూడు మీటర్ల ఎత్తున ఉందనుకోండి. ఆ కోణం మనకు నాలుగు మీటర్ల దూరంలో పడుతుంది. ఆ చుట్టుపక్కల నీటిలోని నాచు, మెట్లు, చేపపిల్లలు ఫోటోలోకి వస్తాయి. ద్వీపం దగ్గరి నీటి మీద మెరుపు మాత్రం ఫిల్టరు ఎంత తిప్పినా పెద్దగా తగ్గదు.

మెరుపును తగ్గించడమే పనిగా పెట్టుకోనక్కరలేదు, దాన్ని కొలతగా కూడా వాడుకోవచ్చు. సూర్యుడికి ఎదురుగా నీళ్ల మీద పరుచుకునే బంగారు బాటలో ప్రతి తళుకూ సరైన కోణంలోకి వాలిన ఒక చిన్న అల ముఖం. గాలి లేకపోతే అలలు వాలేది కొంచెమే, బాట సన్నగా ఉంటుంది. గాలి పెరిగితే వాలు పెరుగుతుంది, బాట వెడల్పవుతుంది. 1951లో చార్లెస్ కాక్స్, వాల్టర్ మంక్ అనే సముద్ర శాస్త్రవేత్తలు హవాయి దీవుల దగ్గర విమానంలోంచి ఈ మెరుపును ఫోటోలు తీసి, వెలుగు పంచుకున్న తీరు నుంచి అలల వాలును, గాలి వేగంతో దానికున్న సంబంధాన్ని రాబట్టారు. 1954లో వెలువడిన వాళ్ల సూత్రాన్ని ఉపగ్రహ శాస్త్రవేత్తలు నేటికీ వాడుతున్నారు. ఇక్కడ ఒక జాగ్రత్త. తళుకులున్న చోట కెమెరా సెన్సరు నిండిపోయి అంతా తెల్లటి మచ్చ అయిపోతుంది, అక్కడ ఉన్న సమాచారం తిరిగి రాదు. వెలుతురు తగ్గించి తీసి, నీడలను తర్వాత కాస్త ఎత్తుకోవడం మేలు.

నీటి రంగు కూడా రాసిపెట్టుకోదగిన సమాచారమే. స్వచ్ఛమైన నీరు ఎరుపును ఎక్కువ మింగుతుంది. తేలే మట్టి రేణువులు కాంతిని చెదరగొట్టి నీటికి తమ రంగు ఇస్తాయి. నాచు పెరిగితే ఆకుపచ్చ. శ్రీశైలం, నాగార్జునసాగర్ ఆనకట్టలు ఎగువ నుంచి వచ్చే ఒండ్రులో చాలా భాగాన్ని తమ దగ్గరే ఆపేస్తున్నాయి కాబట్టి, భవానీపురం దగ్గర నీళ్లు ఎర్రబడ్డాయంటే గట్టి వరదో, దగ్గర్లో పడ్డ పెద్ద వానో అయి ఉంటుంది. ఫోను తనంతట తాను రంగులు సవరించుకుంటూ పోతే ఈ తేడా ఫోటోలో మిగలదు. వైట్ బ్యాలెన్సును పగటి వెలుతురు దగ్గర కట్టేసి తీస్తే మిగులుతుంది.

పైనుంచి చూసే కెమెరాలు ఈ ఒడ్డు చరిత్రను ఇప్పటికే చాలా రాశాయి. 1972 నుంచి లాండ్‌శాట్ ఉపగ్రహాలు, 1988 నుంచి మన ఐఆర్‌ఎస్ ఉపగ్రహాలు భూమిని ఫోటో తీస్తూనే ఉన్నాయి. మనవాటి చిత్రాలు హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రంలో ఉంటాయి. ఆ కేంద్రం నడిపే భువన్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. సమీప పరారుణంలో నీరు దాదాపు నల్లగా, చెట్లు మెరుస్తూ, ఇసుక మేటలు తేటగా కనిపిస్తాయి కాబట్టి ద్వీపం అంచు కత్తిరించినట్టు తెలుస్తుంది. వరదల్లో ఆ అంచు ఎక్కడ కోసుకుపోయిందో, ఎక్కడ కొత్త తిప్ప లేచిందో పాత చిత్రం పక్కన కొత్తది పెట్టి పోల్చుకోవచ్చు. అయితే లాండ్‌శాట్ చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 30 మీటర్లు. అయిదు మీటర్ల కోత అందులో స్పష్టంగా తెలియదు. ఆ ఖాళీని నింపగలిగేది ఒడ్డున నిలబడి ఫోటో తీసే మనిషే.

దానికి ఒకే చోటు నుంచి మళ్లీ మళ్లీ తీయాలి. 1880లలో సెబాస్టియన్ ఫిన్‌స్టర్‌వాల్డర్ ఆల్ప్స్ పర్వతాల్లో హిమానీనదాలను ఇలా ఫోటోలతో కొలవడం మొదలుపెట్టాడు. నేడు ప్రపంచమంతా హిమానీనదాల మార్పును పోల్చి చూసే పద్ధతుల్లో ఇదొకటి. చోటు కచ్చితంగా దొరకడానికి పరికరాలేమీ అక్కరలేదు. దగ్గరగా ఉన్న ఒక స్తంభం అంచు, దూరంగా ఉన్న కొండ అంచు ఒకే గీతలో పడేలా నిలబడాలి. స్తంభం పది మీటర్ల దూరంలో ఉంటే, మనం పక్కకి పది సెంటీమీటర్లు జరిగినా అది కొండ ముందు అర డిగ్రీకి పైగా కదులుతుంది. మామూలు ఫోను ఫోటోలో అది ముప్పై చుక్కలకు తక్కువ కాదు, పెద్దది చేసి చూస్తే తెలిసిపోతుంది. రెండు దిక్కుల్లో ఇలాంటి జంటలు రెండు ఎంచుకుంటే నిలబడ్డ చోటు బిగుసుకుంటుంది. భవానీపురం ఒడ్డున ఇంద్రకీలాద్రి ఒక వైపు, అవతలి ఒడ్డు కొండలు ఇంకో వైపు దూరపు గుర్తులుగా పనికొస్తాయి.

జూమ్ చేయకుండా, మొహాలకు మెరుగులు దిద్దే ఫిల్టర్లు ఆపేసి, నీటి అంచు, కనీసం ఒక మెట్టు ఫ్రేములో పడేలా తీయండి. ఏడాదికి మూడుసార్లు చాలు. మే మొదటి వారంలో, నీరు బాగా తగ్గి సూర్యుడు నెత్తిన ఉన్నప్పుడు ఒకటి. ఆగస్టు, సెప్టెంబరుల్లో గేట్లు ఎత్తి దించాక, మెట్లు కడగకముందు ఒకటి. డిసెంబరు చివర పొద్దున్నే, నీడలు పొడుగ్గా ఉన్నప్పుడు ఒకటి. ఫోటో పేరులోనే తేదీ, గంట పెట్టి, పక్కన ఆ రోజు బ్యారేజి దగ్గర నీటిమట్టం ఎన్ని అడుగులో, దిగువకు ఎన్ని క్యూసెక్కులు వదిలారో రాసుకోండి. వరద రోజుల్లో ఈ రెండు అంకెలూ మర్నాటి పేపరు జిల్లా పేజీలో దొరుకుతాయి.